నడుమ చుక్క ఉన్న గుండ్రటి అద్దం: పాత మిలిటరీ పరికరం గుర్తింపు డైరీ

వచ్చినప్పటి స్థితి

మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఒక సిపాయి ట్రంకు పెట్టెలోంచి బయటపడిన వస్తువు ఇది. అదే పెట్టెలో ఒక పతకం, రెండు బొత్తాలు, బెల్టు బకిల్ ఉన్నాయి. కాగితం ముక్క లేదు.

ఇత్తడి చట్రంలో బిగించిన గుండ్రటి అద్దం. దాన్ని రెండు పక్కలా పట్టుకున్న పంగ. పంగ కింద మందపాటి గుండ్రటి దిమ్మ, దిమ్మ పక్కన వేళ్లతో తిప్పే చిన్న మర. అద్దం వెనక నిలువుగా ఒక మరల కడ్డీ, దాని అడుగున వేలితో నొక్కే మీట. దిమ్మ ముందు వైపు ఖాళీ గూడు, అంటే అక్కడ ఇంకేదో తగిలించేవారు. దిమ్మ అడుగున స్టాండుకు బిగించే మరల రంధ్రం. చాలా చోట్ల నల్ల రంగు, రంగు ఊడిన చోట పచ్చటి చిలుము. మరలు ఏవీ కదలడం లేదు. అద్దం అంచుల్లో రసం పోయి నల్లబడింది, నట్టనడుమ మాత్రం చిన్న చుక్కంత మేర రసం లేదు.

ఇంట్లో వాళ్ల ఊహలు మూడు: డాక్టరు నుదుటికి పెట్టుకునే అద్దం, దుర్భిణిలో భాగం, సర్వే వాళ్ల పరికరం. మూడింటికీ కారణాలున్నాయి కాబట్టి దేన్నీ తోసిపుచ్చకుండా పరీక్షకు పెట్టాం.

ముట్టుకునే ముందు

మిలిటరీ ట్రంకు తెరిచినప్పుడు మొదట చూడాల్సింది మనకు నచ్చిన వస్తువును కాదు, పెట్టెలో ఇంకేముందో. ఇత్తడి శంకువులా ఉండి చుట్టూ అంకెల వలయాలు ఉన్నవి ఫిరంగి గుండును పేల్చే ఫ్యూజులు కావచ్చు. వాటిని తిప్పకూడదు, విప్పకూడదు, తోమకూడదు. ఉన్నచోటే వదిలి పోలీసులకు చెప్పాలి. చీకట్లో కనిపించే ముళ్లు, అంకెలు ఉన్న పాత దిక్సూచి, గడియారం ఉంటే ఆ రంగులో రేడియం ఉండే అవకాశం ఎక్కువ. దాని గాజు తెరవకూడదు, రాలిన పొడిని ఊదకూడదు. ఈ పెట్టెలో రెండూ లేవు.

రెండో జాగ్రత్త చింతపండు. ఇత్తడి కనిపిస్తే చింతపండో నిమ్మచెక్కో పెట్టి తోమడం మన ఇళ్లలో అలవాటు. దేవుడి గదిలో చెంబుకు అది బాగుంటుంది, ఇలాంటి వస్తువుకు మాత్రం తీరని నష్టం. పులుపు నల్ల లక్కను లేపేస్తుంది, లోతు తక్కువగా కొట్టిన ముద్రల అంచులను తినేస్తుంది. నానబెడితే ఇత్తడిలోని జింకు కరిగి పైన గులాబీ రంగు రాగి మిగులుతుంది. ఆ రంగు వచ్చాక వెనక్కి తీసుకోలేం. ఇటుక పొడి, ముగ్గుపిండి, పాత్రలు తోమే పౌడర్లు కూడా వద్దు. ఈ వస్తువు ఏమిటో చెప్పిన ముద్ర నల్ల రంగు కిందే దొరికింది. తోమి ఉంటే ఆ ముద్ర సగం పోయేది.

కాబట్టి మొదటి పని ఫొటోలు. అన్ని వైపుల నుంచి, పక్కన స్కేలు పెట్టి, దుమ్ము తుడవకముందే.

కొలతలు

వెర్నియర్ కాలిపర్ దవడలకు సెల్లోటేపు అంటించి కొలిచాం, లేకపోతే ఇత్తడి మీద గీతలు పడతాయి. అద్దం వ్యాసం 127 మిల్లీమీటర్లు. మిల్లీమీటర్లలో ఇది ఎటూ కాని అంకె, అంగుళాల్లో సరిగ్గా 5. ఈ ఒక్క కొలతతోనే ఇది అంగుళాల పద్ధతిలో తయారైన పరికరమని తేలింది. నడుమ చుక్క 4 మిల్లీమీటర్లు.

గాజు మందం కొలవడానికి అద్దాన్ని చట్రం నుంచి తీయనక్కర్లేదు. బాగా చెక్కిన పెన్సిలు మొన అద్దానికి ఆనించి, మొనకూ దాని ప్రతిబింబానికీ మధ్య ఖాళీ చూడాలి. ఖాళీ లేకపోతే పూత ముందు వైపు ఉన్నట్టు. ఉంటే పూత గాజు వెనక ఉన్నట్టు, ఆ ఖాళీని 0.76తో గుణిస్తే సుమారుగా గాజు మందం వస్తుంది. ఇక్కడ ఖాళీ ఆరున్నర మిల్లీమీటర్లు, గాజు సుమారు 5 మిల్లీమీటర్లు. చేతి అద్దానికి ఇంత మందం అక్కర్లేదు. వంగకూడదు అనుకున్న అద్దానికే అంత మందపాటి గాజు వాడతారు.

సమతలమా, పుటాకారమా

డాక్టరు అద్దం ఊహ ఇక్కడే తేలిపోవాలి. ముక్కు, చెవి, గొంతు డాక్టర్లు నుదుటికి కట్టుకునే అద్దానికీ నడుమ రంధ్రం ఉంటుంది కాబట్టి ఆ అనుమానం సహజమే. కానీ అది పుటాకార దర్పణం, వెలుగును ఒకచోటికి చేరుస్తుంది. సాధారణంగా 9 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. దాని రంధ్రం నిజమైన రంధ్రం, ఇక్కడ ఉన్నది రసం లేని చోటు మాత్రమే.

పరీక్ష సులువు. ఎండలో అద్దం పట్టి వెలుగును 10 మీటర్ల దూరంలో నీడలో ఉన్న గోడ మీద పడెయ్యాలి. సూర్యుడు బిందువు కాదు, మన కంటికి 0.53 డిగ్రీల వెడల్పున్న బిళ్ల. అందుకే ఎంత చదునైన అద్దమైనా వెలుగు పోనుపోను విచ్చుకుంటుంది, ప్రతి మీటరుకూ సుమారు 9.3 మిల్లీమీటర్లు. కాబట్టి 10 మీటర్ల దగ్గర చదునైన అద్దం ఇచ్చే మచ్చ 127కు 93 కలిపి 220 మిల్లీమీటర్లు ఉండాలి. పుటాకారమైతే వెలుగు కొద్ది దూరంలోనే ఒకచోట చేరి, ఆ తర్వాత విపరీతంగా చెదిరిపోతుంది. గోడ మీద కాగితం అంటించి గీత గీసి కొలిస్తే 22, 23 సెంటీమీటర్ల మధ్య వచ్చింది. ఇది చదునైన అద్దం. డాక్టరుదీ కాదు, వెలుగును కూడదీసే దుర్భిణి అద్దమూ కాదు.

ఈ పరీక్ష చేసేటప్పుడు ఎండు గడ్డి, బట్టలు దగ్గర పెట్టుకోవద్దు. అద్దం పుటాకారమని తేలితే ఆ తేలడం మంటతోనే తేలవచ్చు. వెలుగు దారిలో ఎవరూ నిలబడకూడదు, రోడ్డు వైపు అసలు తిప్పకూడదు.

మీట ఏం చేస్తోంది

మిగిలింది సర్వే ఊహ. అందులో నిజముంది. జర్మన్ గణితవేత్త గాస్ 1821లో హీలియోట్రోప్ తయారుచేశాడు. సూర్యకాంతిని దూరపు కొండ మీదికి తిప్పే అద్దం అది, ఆ మెరుపును చూసి సర్వే వాళ్లు కోణాలు కొలిచేవారు. భారతదేశపు మహా త్రికోణమితి సర్వేలో, దాని అధిపతి జార్జ్ ఎవరెస్ట్ హయాంలో, పగటి పూట హీలియోట్రోపులు, రాత్రి దీపాలు వాడారు.

కానీ హీలియోట్రోపు పని నిలకడగా మెరవడమే, దానికి నొక్కే మీటతో పని లేదు. ఈ వస్తువులో అద్దం వెనక కడ్డీని పట్టుకుని ఉన్నది స్ప్రింగున్న మీట. నొక్కితే అద్దం కొద్దిగా వంగాలి, వదిలితే వెనక్కి రావాలి. వెలుగును కావాలని చూపించి, కావాలని తప్పించే ఏర్పాటు. అంటే మాట పంపడానికే.

అలా హీలియోగ్రాఫ్ దగ్గరికి వచ్చాం. హెన్రీ మాన్స్ పర్షియన్ గల్ఫ్ టెలిగ్రాఫ్ ఉద్యోగిగా కరాచీలో ఉన్నప్పుడు, 1869లో దీన్ని తయారుచేశాడు. తీగ లేకుండా, బ్యాటరీ లేకుండా ఎండతో మోర్స్ కోడ్ (అక్షరాలను చుక్కలు, గీతలుగా మార్చే సంకేతాలు) పంపే పరికరం. 1878-80 రెండో ఆఫ్ఘన్ యుద్ధంలో, 1899-1900లో దక్షిణాఫ్రికాలోని లేడీస్మిత్ ముట్టడిలో వాడారు. మన ఎండలకూ వాయవ్య సరిహద్దు కొండలకూ సరిపోయింది కాబట్టి భారత సైన్యం దాన్ని చాలా కాలం వదల్లేదు. లెక్క తేలిక: అద్దం వ్యాసంలో ప్రతి అంగుళానికీ సుమారు 10 మైళ్లు. 5 అంగుళాల అద్దమంటే 50 మైళ్లు. ఇక్కడి 127 మిల్లీమీటర్లు ఆ 5 అంగుళాలే.

ఇది ఊహగా బలంగానే ఉంది, రుజువు ఇంకా కాదు. రుజువు రెండు వైపుల నుంచి రావాలి: లోహం మీద ముద్రల నుంచి, ఎండలో పనితీరు నుంచి.

ముద్రలు చదవడం

ముద్రలను ఎదురు వెలుగులో చదవలేం. చీకటి గదిలో ఫోను టార్చిని ఉపరితలానికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పడేలా పట్టాలి. అక్షరాల గుంటల్లో నీడ నిలబడుతుంది. టార్చిని చుట్టూ తిప్పుతూ ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక ఫొటోలో అందని గీత ఇంకో దాంట్లో దొరుకుతుంది. పలుచటి కాగితం పరిచి మెత్తటి పెన్సిలుతో రుద్దడం ఇంకో దారి, రంగు గట్టిగా అంటి ఉన్న చోట మాత్రమే. రంగు పొరలుగా లేచినచోట రుద్దితే కాగితంతో పాటు ఊడి వస్తుంది.

దిమ్మ మీద దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులిపి, జిడ్డును దూదిపుల్లకు కొంచెం వైట్ స్పిరిట్ అద్ది తీశాం. ఇక్కడ పేర్లతో మోసపోవద్దు. వైట్ స్పిరిట్ అంటే పెయింటు కొట్లో దొరికే మినరల్ టర్పెంటైన్ రకం. ఆల్కహాలు స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ తగిలితే ఆ కాలపు లక్క పూత నిమిషంలో జిగురుగా మారి దూదికి అంటుకుపోతుంది. ముందు కనిపించని మూలన చుక్కంత చోట పరీక్షించడం తప్పనిసరి.

బయటపడినవి ఇవి. ముల్లంగి విత్తనమంత చిన్న బాణం గుర్తు, మూడు గీతలు ఒకచోట కలిసినట్టుగా. బ్రిటిష్ ప్రభుత్వ సొత్తు మీద కొట్టే బ్రాడ్ యారో అది. దాని కింద ఇంగ్లీషు ‘ఐ’ అక్షరం. బాణం ఒక్కటే ఉంటే బ్రిటన్ యుద్ధశాఖది, కింద ‘ఐ’ ఉంటే భారత ప్రభుత్వ స్టోర్సుది. ఇంకో వైపు చెక్కిన వరుసలో ‘5 ఇంచ్’, ‘మార్క్’, దాని పక్కన రోమన్ అయిదు. కింద 1918. తయారీదారు పేరున్న చోట లోహం అరిగిపోయింది. అక్కడ ఫలానా కంపెనీ అని ఊహించి రాయడం లేదు, ఖాళీ ఖాళీగానే నమోదైంది.

5 అంగుళాల మార్క్ 5. బ్రిటిష్, భారత సైన్యాలు బాగా వాడిన హీలియోగ్రాఫ్ నమూనా పేరే అది.

రెండు బాణాలు మొనలు తాకేలా ఎదురెదురుగా ఉన్న గుర్తు కోసం కూడా వెతికాం, అది సైన్యం అమ్మేసిన వస్తువని చెప్పే ముద్ర. కనిపించలేదు. అది లేకపోతే వస్తువును అక్రమంగా తెచ్చుకున్నారని అనుకోనక్కర్లేదు. ఆ ముద్ర పడకుండానే వేలాల్లో పోయిన సామాను చాలా ఉంది.

నకలు కాదని తేల్చడం

ఇది చాలా మంది దాటేసే మెట్టు. రూర్కీ లాంటి చోట్ల ఇత్తడితో పాతకాలపు సర్వే, ఓడ పరికరాల నకళ్లు పెద్ద ఎత్తున తయారవుతాయి. అలంకారానికి అవి చక్కగా ఉంటాయి, వాటి మీద లండన్ కంపెనీ పేర్లూ పాత సంవత్సరాలూ చెక్కి ఉంటాయి. అంటే ముద్ర ఒక్కటే సాక్ష్యం కాదు.

నకళ్లలో దొరికిపోయేది మర. పక్కన ఉన్న ఒక చిన్న మర విప్పగలిగాక కొలిచాం. బయటి వ్యాసం 3.6 మిల్లీమీటర్లు, పది చుట్లకు 6.6 మిల్లీమీటర్లు. అంటే చుట్టుకు 0.66. ఇది బ్రిటిష్ అసోసియేషన్ పద్ధతిలో 4 నంబరు మర. దాని పల్లం కోణం 47.5 డిగ్రీలు. నేటి మెట్రిక్ మరది 60, పాత బ్రిటిష్ విట్‌వర్త్ మరది 55. ఇవాళ అలంకారం కోసం చేసేవాళ్లు ఈ మర కోయరు, బజార్లో దొరికే మెట్రిక్ మర వేస్తారు. ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూ కనిపిస్తే ఇంకా అనుమానించాలి. ఇక్కడ అన్నీ ఒకే గాటు తలలే.

ఇదే చోట ఒక హెచ్చరిక. పోయిన మర బదులు హార్డ్‌వేర్ కొట్లో 4 మిల్లీమీటర్ల మర తెచ్చి తిప్పితే ఒకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఉంటుంది. ఎక్కదు. దాని చుట్టు 0.7, రంధ్రంది 0.66, పైగా అది లావు. బలవంతం చేస్తే ఇత్తడి పల్లాలు చెరిగిపోతాయి. పాత మైక్రోస్కోపులు, రేడియోలు బాగుచేసే వాళ్ల దగ్గర ఈ మరలు దొరుకుతాయి, లేకపోతే లేతు మీద కోయించాలి.

గాజు సంగతి. ఇప్పటి అద్దాలు ఫ్లోట్ గ్లాసు, కరిగిన తగరం మీద తేలించి చేసేది. ఆ పద్ధతి బయటికి వచ్చింది 1959లో. తగరం తాకిన వైపు 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పాలలా మెరుస్తుంది. ఈ అద్దం ముందు వైపు మెరవలేదు. అయితే తగరం వైపు వెనక ఉండి ఉంటే ముందు నుంచి తెలియదు, ఆ కిరణాలు గాజును దాటవు. కాబట్టి ఇది సగం సాక్ష్యమే. మిగతా సగం గాజులో పక్క వెలుగుకు కనిపించిన, పాత పద్ధతి గాజులో ఉండేలాంటి రెండు సూది మొనంత బుడగలు ఇచ్చాయి. ఆ దీపం వాడేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. నోట్ల పరీక్షకు వాడే ఊదా టార్చి ఈ పనికి రాదు, దాని కాంతి వేరు.

బంగారం నాణ్యత చూసే ఎక్స్‌రే యంత్రం మీద పెట్టించవచ్చు, రాగి ఎంత జింకు ఎంత అని చెబుతుంది. కానీ ఇత్తడి అప్పుడూ ఇప్పుడూ ఇత్తడే. దాంతో కాలం తేలదు, ఖర్చు దండగ.

బిగుసుకున్న మరలు

పాత గ్రీజు ఎండి లక్కలా మారింది, దాని మీద చిలుము. కటింగ్ ప్లయర్ పెట్టి తిప్పితే గరుకు అంచు నలిగిపోతుంది, లేదా మర మెడ దగ్గర విరుగుతుంది. చేసిన వరుస: వెదురు పుల్ల చెక్కి పైపైన చిలుము గోకడం. తుప్పు వదిలించే పలుచటి నూనె చుక్క సూదితో కీలు దగ్గర వేసి రాత్రంతా వదిలేయడం. మర్నాడు హెయిర్ డ్రయ్యరుతో చేతికి వెచ్చగా తగిలేంత వేడి, అంతకు మించి వద్దు, లక్క మెత్తబడుతుంది. పాత తోలు ముక్క చుట్టి వేళ్లతో మొదట బిగించే వైపు కొంచెం, తర్వాత విప్పే వైపు కొంచెం. బిగించే వైపు కదిలిస్తే ఎండిన గ్రీజు పొర పగులుతుంది. అది పగలకుండా విప్పే వైపే బలం పెడుతూ పోవడం వల్లే మరలు విరుగుతాయి. కదలకపోతే మళ్లీ నూనె, మళ్లీ రాత్రంతా. మీట కీలు అన్నిటికన్నా ఆలస్యంగా లొంగింది.

నూనె అద్దం వైపు పాకనివ్వకూడదు. రసం వెనక పూతలోకి జిడ్డు దిగితే నల్లమచ్చ పెరుగుతుంది. మీటకూ అద్దానికీ మధ్య బ్లాటింగ్ కాగితం అడ్డం పెట్టాం.

మరలు కదిలాక ఒక్కోదాని పని బయటపడింది. దిమ్మ పక్కనున్న మర తిప్పితే పంగంతా ఎడమకూ కుడికీ చాలా మెల్లగా తిరుగుతోంది. వెనక కడ్డీ తిప్పితే అద్దం పైకీ కిందికీ అంతే మెల్లగా వాలుతోంది. రెండు దిక్కుల్లోనూ ఇంత నిదానం ఎందుకో ఎండలో తెలుస్తుంది.

నకలు అద్దం

అసలు అద్దాన్ని ఎండలో గంటల తరబడి నిలబెట్టడం వద్దనుకున్నాం. కొత్త రసం పోయించడం అసలే వద్దు, ఆ పూత 1918 నాటి సాక్ష్యం. గాజు కొట్లో 5 మిల్లీమీటర్ల అద్దం 127 మిల్లీమీటర్ల వ్యాసంతో గుండ్రంగా కోయించి అంచు నూరించాం. నడుమ చుక్కకు వెనక టేపు అంటించి, దానిలో 4 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, థిన్నరు అద్దిన దూదితో పెయింటు మెత్తబరిచి వెదురు పుల్లతో గీకాలి. దాని కింది వెండి పొర ఇత్తడి పాలిషు అద్దిన దూదిపుల్లతో పోతుంది. థిన్నరు ఎక్కువైతే టేపు కిందికి పాకి చుక్క కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, ఆ అద్దం పనికిరాదు. దూది తడిగా కాదు, చెమ్మగా ఉండాలి.

చట్రంలో బిగించేటప్పుడు మూడు చోట్ల, సమాన దూరంలో పలుచటి తోలు బిళ్లలు పెట్టి, ముందు బిళ్లకు సరిగ్గా వెనక ఇంకోటి వచ్చేలా చూడాలి. అటూ ఇటూ తప్పితే అద్దం వంగుతుంది. కంటికి తెలియని ఆ వంపు 10 మీటర్ల గోడ మీద మచ్చను నిలువుగానో అడ్డంగానో సాగదీస్తుంది. మచ్చ గుండ్రంగా 22 సెంటీమీటర్లకు వచ్చేదాకా మరలు వదులు చేస్తూ సరిచేశాం.

గురి పుల్ల, నీడ చుక్క

దిమ్మ ముందు ఖాళీ గూడులో ఉండాల్సింది గురి చూసే కడ్డీ. దాని కొసన తెల్లటి చిన్న పలక ఉంటుంది. ఇందులో అది పోయింది. గూడుకు సరిపడేలా అల్యూమినియం కడ్డీ లేతు మీద అరగదీయించి, గూడుకు గీత పడకుండా చుట్టూ కాగితం చుట్టి దూర్చాం. కొసన నిలబెట్టిన పుల్ల మీద తెల్ల అట్టముక్క, అట్ట నడుమ చిన్న గుర్తు.

కడ్డీ ఎంత పొడవు ఉండాలో లెక్కే చెబుతుంది. నడుమ చుక్క దగ్గర వెలుగు ప్రతిఫలించదు కాబట్టి పోయే వెలుగు స్తంభం మధ్యలో ఒక నీడ చుక్క ఉంటుంది. సూర్యుడి వెడల్పు వల్ల ఆ నీడ పోనుపోను సన్నబడుతుంది. 4 మిల్లీమీటర్ల చుక్క నల్లటి నీడ 43 సెంటీమీటర్ల దగ్గర పూర్తిగా మాయమవుతుంది. సూర్యుడు బాగా పక్కకు ఉన్నప్పుడు చుక్క ఒక దిక్కున నలిగినట్టు సన్నబడుతుంది, వెలుగు 45 డిగ్రీల వాలుతో పడితే నీడ 30 సెంటీమీటర్ల దాకానే. అందుకే 25 సెంటీమీటర్లు పెట్టాం. ముందు 60 పెట్టి చూస్తే ఎలా ఉంటుందో కూడా అట్టతో పరీక్షించాం: చుక్క లేదు, బూడిద రంగు మసక మాత్రమే.

వాడే తీరు ఇది. ముందు వైపు నుంచి అద్దంలోకి చూస్తూ, దూరపు స్థలం ప్రతిబింబం నడుమ చుక్క మీదికి వచ్చేలా తల జరపాలి. తల కదల్చకుండా గురి పలకను కూడా అదే వరుసలోకి తేవాలి. ఇప్పుడు చుక్క, పలక, దూరపు స్థలం ఒకే గీతలో ఉన్నాయి. ఇక కడ్డీని కదల్చకూడదు. అద్దాన్ని సూర్యుడి వైపు తిప్పి, మీట నొక్కి ఉంచి, నీడ చుక్క పలక నడుమ గుర్తు మీద పడేలా రెండు మరలతో సర్దాలి. నీడ చుక్క గుర్తు మీద ఉంటే వెలుగు గమ్యం మీద ఉన్నట్టే. ఎన్ని మైళ్ల దూరమైనా సరే, జానెడు దూరంలో ఉన్న పలకను చూస్తూ గురి నిలబెట్టవచ్చు. ఈ పరికరంలో అసలు తెలివి ఆ 4 మిల్లీమీటర్ల చుక్కలో ఉంది.

అద్దంలోకి చూసేటప్పుడు సూర్యుడి ప్రతిబింబం కంట పడకూడదు. గురి కుదిరేదాకా అద్దం మీద ఎండ పడకుండా గుడ్డ అడ్డం పట్టడం మేలు.

ఎండలో పరీక్ష

10 మీటర్ల గోడ మీద మీట వదిలినప్పుడూ నొక్కినప్పుడూ మచ్చ నడుమలు గుర్తు పెడితే తేడా సుమారు 30 సెంటీమీటర్లు. అంటే వెలుగు 1.7 డిగ్రీలు జరిగింది, అద్దం వాలింది అందులో సగం. దూరంగా ఉన్న మనిషి వెలుగు మధ్యలో ఉంటే, 0.27 డిగ్రీలు జరిగినా చాలు మెరుపు ఆరిపోతుంది. మీట అంతకు ఆరు రెట్లు జరుపుతోంది. మెరుపు నిక్కచ్చిగా వెలుగుతుంది, నిక్కచ్చిగా ఆరుతుంది. చుక్కనూ గీతనూ కలగాపులగం కానివ్వని దూరం అది.

తర్వాత ఏమీ ముట్టుకోకుండా మచ్చను చూస్తూ ఉండటం. సూర్యుడు నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతాడు, ప్రతిఫలించిన వెలుగూ అంతే. గమ్యం మధ్యలో పెట్టిన వెలుగు నిమిషం దాటేసరికి గమ్యాన్ని వదిలేస్తుంది. అందుకే ఆ రెండు మరలు అంత నిదానం. ఒక చెయ్యి మీట మీద మాట పంపుతుంటే, రెండో చెయ్యి సూర్యుడి వెంట నడవాలి. ఈ పనికి తప్ప వేరే దేనికీ ఇలాంటి అమరిక అక్కర్లేదు. గుర్తింపు అనుమానం లేకుండా నిలబడింది ఇక్కడే.

గుట్ట మీద నుంచి 3 కిలోమీటర్ల దూరంలోని చెరువు గట్టుకు పంపినప్పుడు వెలుగు పడే మేర సుమారు 28 మీటర్లు. గట్టు మీద మనిషి పది అడుగులు పక్కకు జరిగినా మెరుపు పోలేదు, గట్టు చివరికి వెళితే పోయింది. పట్టపగలు మామూలు కంటికి సూటిగా గుచ్చుకునేంత మెరుపు. రోడ్డు, రైలు పట్టాలు, విమానాల దారి వైపు దీన్ని తిప్పడం ప్రమాదం, చోటు ఎంచుకోవడానికే ఎక్కువ ఆలోచించాలి.

50 మైళ్ల మాట ఊరికే రాదు. 80 కిలోమీటర్ల దగ్గర భూమి వంపు అడ్డొస్తుంది. గాలిలో వెలుగు వంగడాన్ని పక్కన పెడితే, మైదానానికి రెండు వైపులా దాదాపు 130 మీటర్ల ఎత్తు కావాలి. 1894లో అమెరికా సైన్యపు సంకేత విభాగం సిగ్నల్ కోర్ 183 మైళ్లు పంపగలిగింది, అది 8 అంగుళాల అద్దాలతో, యూటా, కొలరాడోలోని రెండు పెద్ద పర్వతాల మధ్య.

సూర్యుడు వెనక ఉన్నప్పుడు ఒక్క అద్దం చాలదు. వెలుగు బాగా ఏటవాలుగా తగిలి అద్దం సన్నటి కోడిగుడ్డులా పనిచేస్తుంది. 60 డిగ్రీల వాలుకు సగం వెలుగే. అందుకే రెండో అద్దం ఉండేది, డ్యూప్లెక్స్ అద్దం అంటారు. సూర్యుణ్ణి ముందు అది పట్టి మీట ఉన్న అద్దానికి ఇస్తుంది, లేదా అటునుంచి అందుకుని గమ్యానికి పంపుతుంది. ఈ ట్రంకులో అది లేదు. ఇంట్లో మామూలు చేతి అద్దంలా ఏ గోడకో వేలాడుతూ ఉండవచ్చు, వెతకమని చెప్పాం.

ఎవరిది, ఎక్కడ ఉంచాలి

పరికరం ఏమిటో తేలింది కానీ ఆ సిపాయి సిగ్నలరా (సంకేతాలు పంపేవాడా) కాదా అన్నది దీనివల్ల తేలదు. దానికి దారి పతకం. మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్ అయితే అంచు మీద నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. అంచును కూడా తోమకుండా, పక్క వెలుగులోనే చదవాలి. ఆ దళం పేరు దొరికాక బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ లాంటి రెజిమెంటల్ కేంద్రానికో, ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌కో రాయడానికి ఆధారం ఉంటుంది. నంబరు లేకుండా పేరు ఒక్కటే పంపితే పని జరగదు, ఒకే పేరుతో వందల మంది ఉంటారు. పశ్చిమ గోదావరి మాధవరం లాంటి, రెండు యుద్ధాలకూ మనుషుల్ని పంపిన ఊళ్లలో ఇళ్లకు ఇది ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది.

అమెరికాలోనో దుబాయిలోనో ఉన్న పిల్లలు జ్ఞాపకంగా తీసుకెళ్తామంటే ఆగాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని దేశం దాటించే హక్కు ప్రైవేటు వ్యక్తులకు లేదు. దీని మీద 1918 అని ఉంది. విమానాశ్రయంలో తేల్చుకోవాల్సిన సంగతి కాదు.

భద్రపరచడానికి: ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచె ముక్క, ప్లాస్టిక్ డబ్బా, రెండు పొట్లాల సిలికా జెల్. తోలు సంచిలో పెట్టవద్దు, తోలులోని కొవ్వు ఆమ్లాలే ఇత్తడికి పచ్చ చిలుము తెస్తాయి. దినపత్రికలో చుట్టవద్దు. రబ్బరు బ్యాండు అసలు వద్దు, అందులోని గంధకం అద్దం వెనక వెండిని నల్లబరుస్తుంది. అసలు అద్దాన్ని తిరిగి చట్రంలో బిగించి, ముఖం పైకి పెట్టి ఉంచాం.

మిగిలిన పని దిమ్మ అడుగు మరల రంధ్రం. దానికి నేటి కెమెరా స్టాండు మర ఎక్కదు. రంధ్రాన్ని కొత్తగా కోయించకుండా, పాత చుట్టుకు సరిపోయే మర ఒక వైపు, కెమెరా స్టాండు మర ఇంకో వైపు ఉండే ఇత్తడి పలక చేయమని లేతు షాపుకు చెప్పాం. చుట్టు కొలతకు రంధ్రంలోకి మెత్తటి మైనం నొక్కి అచ్చు తీసి పంపాం. రంధ్రం గోడలకు ముందు కొంచెం కొబ్బరినూనె రాయకపోతే మైనం తెగి లోపలే ఉండిపోతుంది.